జాబుల కావలి

పరుల జాబును విప్పి చదువరాదని బడిపిల్లలకు సైతము చెప్పుచుందుము. పెట్టె మనది కాదు, తాళము మనది కాదు గనుక ఆ నియమమును పాటించుట సులభము. పెట్టెయు మనదే, తాళమును మనదే, అందు పడు జాబులు మాత్రము ఇతరులవి యైనపుడు ధర్మమెట్టిది? ఈ ప్రశ్నను మేము గ్రంథములలో వెదకి తెచ్చుకొనలేదు. అనంతపురములో మా కుటుంబముకొరకు ఈమెయిలు సర్వరు నొకదానిని స్వయముగా నెలకొల్పబూనినపుడు అది తనంతట వచ్చి మా గుమ్మమున నిలిచినది.

పూనికకు కారణము చిన్నదే. మాతోడి యుపాధ్యాయు లొకరు పదునొకండు సంవత్సరములుగా ఒక పెద్ద సంస్థవారు ఉచితముగా నిచ్చు ఈమెయిలును వాడుకొనుచుండిరి. ఒకనాటి యుదయమున ఆ ద్వారము మూయబడినది. నియమభంగము జరిగినదని యంత్రము తెలిపెను. ఏ నియమమో తెలుపలేదు. ఆయన మొరపెట్టుకొనినది యంత్రముతోనే, ఆ మొరను త్రోసిపుచ్చినదియు యంత్రమే. కుమారుని చదువునకు సంబంధించిన పత్రములును, గతించిన తండ్రిగారు వ్రాసిన కడపటి జాబులును అందే యుండిపోయినవి. తపాలాలో జాబు తప్పిపోయినచో పోస్టుమాస్టరు నెదుటికి పోయి యడుగవచ్చును. ఇచ్చట ఎవరి వాకిట నిలువవలయునో తెలియలేదు. ఆయన దైన్యమును చూచినపుడు, మన జాబులను మనమే కాచుకొనరాదా యను నూహ మాకు పుట్టినది. మేము సంస్కృతమును, ఇంగ్లీషును చదివినవారమే కాని యంత్రవిద్య నెరిగినవారము కాము. నలుబదియేండ్లు దాటిన పిదప ఈ క్రొత్త యక్షరాభ్యాస మేమని మిత్రులు నవ్విరి. నవ్వుటకు వారికి కారణము లేకపోలేదు.

చదువరులలో పలువురు ఈమెయిలును దినదినమును వాడుచున్నను అది ఏవో రెండు మూడు సంస్థల సొత్తని తలచుచుందురు. మేమును అట్లే తలచియుంటిమి. అది నిజము కాదు. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా దేశస్థుడు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు జాబును పంపి, మనుష్యుని పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మన మెరిగిన 'ఎట్' గుర్తును నిలిపెను. 1982లో జాన్ పోస్టెల్ అను నాయన జాబులను చేరవేయునపుడు యంత్రములు తమలో తాము పాటింపవలసిన మర్యాదలను వ్రాసి ప్రకటించెను. వానికి ఎస్.ఎం.టి.పి. యని పేరు. ఆ మర్యాదల నెరిగిన ప్రతి యంత్రమును ఒక తపాలా కార్యాలయమే; దానిని తెరచుటకు లైసెన్సు గాని, యెవరి యనుమతి గాని యక్కరలేదు. మన దేశమున 1898 నాటి తపాలా చట్టము జాబులను చేరవేయు ప్రత్యేకాధికారమును ప్రభుత్వమునకే కట్టబెట్టెను. దానికి మారుగా వచ్చిన 2023 నాటి చట్టమున ఆ గుత్తాధికారము లేదు. కారణము చూపి జాబులను నిలిపి విప్పు నధికారము మాత్రము పాతచట్టమున నున్నట్లే క్రొత్తదానియందును గలదు. ఈమెయిలునకు ఆదినుండియు గుత్తదారుడు లేడు. లేని గుత్తదారుని మనమే మన సోమరితనముచేత కల్పించుకొంటిమని మాకు తోచెను. తరువాత జరిగినదానిని బట్టి ఆ మాటను కొంత వెనుకకు తీసికొనవలసివచ్చినది.

మొదట ఒక డొమైను పేరును కొంటిమి. కొంటిమనుట వాడుక మాటయే. అది ఏటేట చెల్లింపవలసిన కౌలు, గడువు మరచినచో పేరు పరులపాలగును. ఇంటనున్న పాత కంప్యూటరునే సర్వరుగా చేయవలెనని మా కోరిక. కాని యింటి బ్రాడ్‌బ్యాండునకు ఇయ్యబడు చిరునామా మాటిమాటికి మారుచుండును. అంతేకాదు, సర్వరులు ఒండొంటికి జాబు లందించుకొను ఇరువదియైదవ సంఖ్యగల ద్వారమును ఇంటి కనెక్షనులకు మూసియుంచుట ఈ వ్యాపారమున సామాన్యము. కావున నెలకు కొన్ని వందల రూపాయలు అద్దె యిచ్చి, వేరొక నగరమున నున్న యంత్రములో కొంత భాగమును తీసికొంటిమి. స్వావలంబనమునకై బయలుదేరి అద్దెయింట దిగితిమి! 1845లో థోరో స్వతంత్రజీవనము కొరకు వాల్డెన్ కొలని యొడ్డున కట్టుకొన్న గుడిసెయు ఎమర్సన్ గారి భూమిలోనిదే గదా యని జ్ఞప్తికి దెచ్చుకొని యూరడిల్లితిమి.

ఆ యంత్రమున పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అను రెండు ప్రోగ్రాములను నిలిపితిమి. మొదటిది జాబులను గైకొనును, పంపును. రెండవది వానిని పెట్టెలో భద్రపరచి సొంతదారునకు చూపును. ఎవరో దూరదేశస్థులు వ్రాసి, లోపలి కిటుకులన్నియు నెల్లరకు కనబడునట్లు ఉచితముగా నిచ్చినవి ఇవి. పిమ్మట డొమైను పట్టికయందు కొన్ని ప్రకటనలు చేయవలయును. మా పేరునకు వచ్చు జాబులను ఫలాని యంత్రమున కిండని యొకటి. మా పేర జాబులు పంపుటకు అర్హతగల యంత్రము ఇదియే యని యొకటి, దానిని ఎస్.పి.ఎఫ్. అందురు. ప్రతిజాబునకును వేయు లక్కముద్ర వంటిది డీకిమ్. ఈ సాక్ష్యములు సరిపోని జాబు మా పేర వచ్చినచో దానిని ఏమి చేయవలెనో తెలుపునది డీమార్క్. ఆ పట్టికలో ఒక పేరు చివర చుక్క పెట్టుట మరచి రెండు సాయంకాలములు పోగొట్టుకొంటిమి. పిల్లల వ్యాసములలో పూర్ణవిరామము లేదని మార్కులు తగ్గించునపుడు ఇంతకాలము మాకు కలుగని కనికరము అప్పుడు కలిగినది.

ఈ మర్యాదలలో ఒకటి మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. గ్రహించు యంత్రము పడిపోయియున్నను పంపినవారి యంత్రము జాబును పారవేయదు. తనయొద్దనే యుంచుకొని, నాలుగైదు దినములవరకు మరలమరల వచ్చి తలుపు తట్టును. ఒక వాన తప్పినచో మరియొక వానకై విత్తనము చేతబట్టుకొని కాచియుండు సీమవారికి ఈ యోర్పును విడమరచి చెప్పనక్కరలేదు.

అట్టి యోర్పుతో ఏర్పడినదానికి ఇన్ని ముద్రలును, సాక్ష్యములును ఏల కావలసివచ్చెను? ఆదిలో ఇవి లేవు. తాను పంపునపుడు నియమమును కఠినముగా పాటించి, ఇతరులనుండి గైకొనునపుడు ఉదారముగా నుండవలెనను ధర్మమును పోస్టెల్ గారే యంత్రములకు బోధించిరి. 1990 తరువాత కొన్నియేండ్ల వరకును పెక్కు సర్వరులు తమతో సంబంధములేని బాటసారి జాబునైనను అందుకొని ముందునకు చేరవేసెడివి. మా సీమలో ఎండకాలమున బాటప్రక్క చలివేంద్రము పెట్టుట యెరుగుదురు గదా. అది యట్టి ధర్మము. ఎవరని యడుగక దాహ మిచ్చెదమని నేడు చెప్పుకొందుము. ఒకప్పుడు ఎవరని యడిగి, కొందరిని కుండకు దూరముగా నిలిపి దోసిట పోసిన చలివేంద్రములును ఈ సీమలోనివే. యంత్రముల చలివేంద్రము ఆ విషయమున మనకంటె మేలు. అది నిజముగనే యెవరినీ అడుగలేదు. కాని 1978 మే నెలలో ఒక కంప్యూటరు కంపెనీకి చెందిన వ్యాపారి, కోరనివారికి సుమారు 400 మందికి ఒక్కమారుగా తన సరకును గూర్చిన ప్రకటనను పంపెను. అది మొదలు. తరువాతి కాలమున చలివేంద్రము ముందు ట్యాంకరును నిలిపి కుండలు ఖాళీచేసికొని పోవువారు మూగిరి. ఇప్పుడు సర్వరు పెట్టు క్రొత్తవాడు మొట్టమొదట నేర్వవలసినది, తెరచిన చలివేంద్రమును పెట్టకుండుట. పెట్టెనా, గంటలలో దొంగజాబులవారు దానిని తమ బండిగా చేసికొందురు.

తలుపులు మూసికొన్నవారిని నిందించుట మాకు న్యాయముగా తోచదు. పెద్ద సంస్థలు గొప్పవైనది కేవలము మన సోమరితనముచేత గాదు. దొంగజాబుల వరదను ఆపుటకు వలసిన కట్టను అవి కట్టినవి. అయితే కట్ట కట్టినవాని యిష్టముననే నీరు పారును. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు తమ ఖాతాదారులకు పెద్దసంఖ్యలో జాబులు పంపువారికి పైన జెప్పిన ముద్రలను తప్పనిసరి చేసినవి. క్రొత్తవాడు తాను దొంగ కాడని తానే ఋజువు చేసికొనవలయును. ఆ ఋజువు చాలునో చాలదో తీర్పు చెప్పువారు వేరు.

ఆ ఋజువు చాలని దినమొకటి మాకు వచ్చినది. కల్యాణదుర్గము ప్రాంతపు గ్రామమునుండి వచ్చి మాయొద్ద చదువుకొన్న బాలిక యొకతె విద్యాసహాయమునకు దరఖాస్తు చేసికొనెను. ఉపాధ్యాయుని జాబు నేరుగా ఆ సహాయము చేయువారికి అందవలయునని నియమము. ఆ జాబును మా క్రొత్త సర్వరునుండియే పంపితిమి. కొంత గర్వముతో పంపితిమని యొప్పుకొనుచున్నాము. అవతలి యంత్రము అంగీకరించినట్లు మా యంత్రపు దినచర్యలో స్పష్టముగా వ్రాసియుండెను. గడువు దాటిన పదిదినములకు, ఆ జాబు అచ్చటి స్పాము సంచిలో పడియున్నదని తెలిసెను. యంత్రము అసత్యమాడలేదు. అంగీకరించుట వేరు, చదువుట వేరు. విచారింపగా, మేము అద్దెకు దిగిన చిరునామాలో మాకు ముందుండినవారెవరో దొంగజాబులు పంపియుండిరి; ఆ చెడ్డపేరు గోడలకు అంటుకొనియున్నది. ఇల్లు మారినంత మాత్రమున ఇంటిపేరు మారునా?

ఆ బాలిక తండ్రి వేరుసెనగ ఎండిపోయిన యేట బెంగళూరునకు కూలికి పోయినవాడు. ఆ సంవత్సరము ఆమెకు సహాయము దక్కలేదు. మేము తలవంచుకొని సంగతి చెప్పగా, "సార్, మామూలుగా పంపింటే చేరిండేదేమో" అని మాత్రము అనెను. అందులో నింద లేదు. లేకపోవుటయే మమ్ము బాధించినది. పరాధీనత కూడదని మేము పట్టిన వ్రతమునకు ఉపవాసము ఆమె చేసినది. సిద్ధాంతమునకై తాను నష్టపడువానిని లోకము మెచ్చుకొనును. అడుగకయే యితరులను నష్టపెట్టువానిని ఏమనవలయును? సంస్కరణమును కోరు పురుషులు మన కుటుంబములలో ఈ దోషమును తరచుగా చేసియున్నారు. తండ్రి ఖద్దరు కట్టెదనని శపథము చేయును, దానిని ఉతుకుట తల్లివంతు. మేము చేసినదియు ఆ జాతిలోనిదే. ఆ చిరునామాను చెడ్డవారి పట్టికలనుండి తొలగింపుమని అర్జీలు పెట్టి, కొన్ని వారములకు తొలగింపజేసితిమి. మరుసటి యేడు ఆ బాలిక మరల దరఖాస్తు పెట్టినపుడు ఏ దారిని పంపవలెనని ఆమెనే యడిగితిమి. పాత దారినే కోరెను. అట్లే పంపితిమి, సహాయము దొరకినది.

అసలైన ప్రశ్న మాత్రము ఇంటనే కాచుకొనియుండెను. సర్వరు కుదుటబడినదని సంతసించి, ఇంటివారి కెల్లరకును మా డొమైను పేరుతో క్రొత్త చిరునామాలను చేసి యిచ్చితిమి. మా గృహిణి దానిని చేతబట్టుకొని యడిగెను: "ఇందులో వచ్చే జాబులు మీరు చదవడానికి వీలవుతుందా?"

"వీలవుతుంది. కాని చదవను" అంటిమి.

"అట్లయితే ఆ కంపెనీవాళ్లే మేలు. వాళ్లకు నేనెవరో తెలియదు. మీకు తెలుసు" అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. సామాన్యముగా నెలకొల్పిన సర్వరులో జాబులు డిస్కుమీద చదువదగినట్లుగనే యుండును. రూటు అనబడు మూలతాళము గలవాడు ఏ పెట్టెనైనను విప్పగలడు. అల్లంత దూరపు సంస్థ కన్నును తప్పించుకొనబోయి, ఇంటి నడుమ మేమే యొక కన్నును తెరచితిమి. ఆమె తన యక్కగారికి వ్రాయు జాబులలో మమ్ము గూర్చియు ఉండవచ్చును, ఉండుట న్యాయము. మన యిండ్లలో స్త్రీల జాబులను మగవారు ముందుగా విప్పి చదువు కాలమొకటి యుండెను. ఆమెకు చదువురాదు, మేము చదివి వినిపించుచున్నాము అని చెప్పుకొనెడివారు. పూర్వులు స్త్రీవిద్యకై పాటుపడినది, ఆమె తన జాబును తానే విప్పి, తానే చదివి, వలసినచో తానే చింపివేయుటకే గదా.

ఆమె మాటలోని తర్కము మా సీమకు క్రొత్తది కాదు. చెరువు తూము నెత్తి ఏ మడికెంత నీరు పోవలయునో చూచువానిని నీరుగంటి యందురు. ఆయకట్టులో తనకు మడిలేనివాడు నీరుగంటి యగుట మేలని పెద్దలు చెప్పుదురు. మడియున్నచో నీరు దానివైపే పారునట. ఈ మాటను న్యాయమునకు దృష్టాంతముగా మెచ్చుకొనుటకు ముందు ఒకటి చెప్పవలయును. పెక్కుచోట్ల నీరుగంటులు దళితకుటుంబములవారు. వారికి చెరువుక్రింద మడి లేకుండుట ఎవరో న్యాయముకొరకు చేసిన యేర్పాటు గాదు, అన్యాయము మిగిల్చినది. అయినను తర్కము తర్కమే. మా గృహిణి జాబులందు మాకు మడి కలదు. సంస్థవారికి లేదు.

లేదా? జీమెయిలు 2004లో వచ్చినప్పటినుండి కొన్నియేండ్లు, ప్రకటనలు చూపుటకై యంత్రములచేత జాబులలోని మాటలను పరిశీలింపజేసెడిది. ఆ పద్ధతిని మానెదమని గూగుల్ సంస్థ 2017లో ప్రకటించెను. కావున ఆ నీరుగంటికిని ఒక మడి యుండెను, చాల పెద్ద మడి. ఈ సంగతిని మా గృహిణితో చెప్పితిమి. ఆమె విని, "వాళ్లు నాకు చీరలు చూపించి అమ్మజూస్తారు. అంతే కదా. మీరైతే అన్నం దగ్గర మొగం ముడుచుకుంటారు" అనెను. దూరపు కన్ను వలన దేశమునకు కలుగు హానిని గూర్చి మేము గంటసేపు ఉపన్యసింపగలము. దగ్గరి కన్ను వలన ఒక్క మనిషికి ఒక్క పూట కలుగు బాధను అది తూచలేదు.

సంస్కృతము చదివినవారము గనుక నిక్షేపమును గూర్చి తలచుకొంటిమి. ఇతర విషయములలో మేము తగవుపడు మనుస్మృతియే, పదునెనిమిది వివాదములను ఎన్నునపుడు ఋణము తరువాత రెండవదిగా నిక్షేపమునే చెప్పుచున్నది. నమ్మి దాచుకొన్న సొమ్ము తగవులకు అంత మూలమన్నమాట. మృచ్ఛకటికమున వసంతసేన తన నగలను చారుదత్తు నింట దాచును. అతనికంటె యోగ్యుడు ఆ నగరమున లేడు. అయినను శర్విలకుడు రాత్రివేళ గోడకు కన్నము వేయును. కావలి పండుకొన్న మైత్రేయుడు నిద్రమత్తులో నగల మూటను తన చేతులారా దొంగ చేతికే యిచ్చును. చారుదత్తుని యోగ్యత గోడను నిలుపలేదు. మేమును మా యోగ్యతను గూర్చియే ఆమెకు చెప్పితిమి, మా గోడను గూర్చి చెప్పలేదు. ఊరు పేరు తెలియని యంత్రములు మా సర్వరు తలుపును దినమునకు వందలమారులు తట్టుచున్నట్లు దినచర్య చూపుచున్నది. ప్రోగ్రాములకు వచ్చు మరమ్మతులను ఒక నెల వేయకుండినచో మేమే మైత్రేయులము. మా సీమ చెరువులను త్రవ్వినవారి పేర్లు శాసనములకెక్కినవి. ఏటేట కట్టకు మన్నువేసి తూమును బాగుచేయుటకు మాత్రము దశబంధపు మాన్యము లీయవలసివచ్చినది. త్రవ్వుట ఒకనాటి యుత్సాహము, మరమ్మతు జీవనము.

దూరమున నున్న సంస్థ గాని, ఇంటనున్న భర్త గాని చదువజాలకుండునట్లు జాబునే తాళమువేసి పంపు విధానము లేకపోలేదు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పి.జి.పి. యను పేర దానిని లోకమునకిచ్చెను. కాని జాబు నందుకొనువారికిని ఆ తాళము తెలిసియుండవలయును. మా వదినెగారు తాళపుచెవులను నేర్చుకొనువరకు అక్కచెల్లెండ్రు మాటలాడుకొనుట మానుదురా? దానిని విడిచితిమి.

తుదకు కుదిరినది ఇది. మా గృహిణి తన పాత చిరునామాలోనే నిలిచినది. మేము మరల అడుగలేదు. తిరుపతిలో చదువుచున్న మా కుమార్తె మాత్రము ఒక కట్టుబాటుమీద మా సర్వరునకు వచ్చినది. "నాన్నా, తాళం నీ ఒక్కనికాడే ఉంటే ఒప్పుకోను. నాకూ నేర్పు" అనెను. నేర్పితిమి, మూడు వారములలో మాకంటె బాగుగా నేర్చినది. అంతటితో ఆగక, ఎవరైనను మూలతాళముతో లోపలికి పోయిన తక్షణమే ఆ సంగతిని తెలుపు జాబొకటి తల్లి పెట్టెకు, అనగా మా చేతికందని ఆ సంస్థవారి పెట్టెకు, పోవునట్లు ఏర్పాటు చేసినది. అచ్చట పడినదానిని మేము చెరపలేము. ఆ యేర్పాటునే ముందుగా తీసివేసి పోవచ్చును గదా యని చదువరు లడుగవచ్చును. పోవచ్చును. ఆ మాటను మా గృహిణికిని దాచక చెప్పితిమి. అయితే వారములతరబడి ఒక్క జాబును రాకుండినచో తానే అడిగెదనని ఆమె బదులు చెప్పినది.

మొదటి వారము ఆ జాబులన్నియు స్పాము సంచిలో పడినవి. ఆమెయే వానిని వెదకి తీసి, ఇవి దొంగజాబులు కావని సంస్థకు చెప్పుకొన్నది. నిన్న ఉదయము కాఫీ యిచ్చుచు, "రాత్రి పదకొండు గంటలకు లోపలికి ఎందుకు పోయినారు?" అని యడిగెను. ధ్రువపత్రము గడువు తీరవచ్చినదనియు, దానిని మార్చుటకు పోతిమనియు చెప్పితిమి. చూపుమనెను. చూపితిమి.